వేషమా, బతుకా? మాంగాలో ట్రాన్స్‌జెండర్ పాత్రలు, మన వేదిక, మన చట్టం

ఈ అంశం పరీక్షలో ఎక్కడ తగులుతుంది

జపాన్ బొమ్మల కథలకూ ఏపీపీఎస్సీకీ ఏమిటి సంబంధం అని గుంటూరు బ్రాడీపేట కోచింగ్ గదుల్లో ఎవరైనా అడిగితే తప్పుపట్టలేం. మాంగా అన్న మాట ఏ సిలబస్‌లోనూ కనిపించదు. కానీ గ్రూప్-2 స్క్రీనింగ్ పరీక్షలో భారతీయ సమాజం ఒక విభాగం. గ్రూప్-1 మెయిన్స్‌లో వ్యాసం పేపరు ఉంది. సివిల్స్‌లో అయితే జీఎస్-1లో సమాజం, జీఎస్-2లో బలహీన వర్గాల రక్షణకు చేసిన చట్టాలు ఉన్నాయి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గురించిన ప్రశ్న ఈ మూడు దారుల్లో దేని నుంచైనా రావచ్చు. వచ్చినప్పుడు చాలామంది అభ్యర్థులు అర్ధనారీశ్వరుడితో మొదలుపెట్టి, శిఖండి మీదుగా సుప్రీంకోర్టు నల్సా తీర్పుకు చేరి, పథకాల పేర్లతో ముగిస్తారు. పేపరు దిద్దేవారికి ఈ వరస కంఠతా వచ్చు.

దీన్ని కాస్త పక్కనుంచి చూడటానికి మాంగా పనికొస్తుంది. జెండర్ మారే పాత్రలు దాదాపు 70 ఏళ్లుగా ఆ కథల్లో ఉన్నాయి. అవి మారుతూ వచ్చిన తీరు చూస్తే ఒక సంగతి తేలుతుంది. ముందు వేషం వచ్చింది, తర్వాత బతుకు వచ్చింది, ఆ బతుకును అనుభవించినవాళ్లే గీయడం చివరికి వచ్చింది. మన కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల వేదిక, సినిమా, పుస్తకం కూడా ఇదే దారిలో నడిచాయి. వేషానికి చప్పట్లు కొట్టిన సమాజం బతుకునూ ఒప్పుకున్నట్టే అనుకోవడం జవాబుల్లో ఎక్కువగా కనబడే పొరపాటు.

మాంగా గురించి తెలియాల్సినంత

మాంగా కుడి నుంచి ఎడమకు చదివే జపాన్ చిత్రకథ. ముందు పత్రికల్లో వారానికో నెలకో భాగం చొప్పున వస్తుంది, తర్వాత సంపుటాలుగా కడతారు. మన పిల్లలకు నరుటో, వన్ పీస్ పేర్లు తెలిసింది ఎక్కువగా యానిమే, అంటే జపాన్ యానిమేషన్ ద్వారానే. పరీక్షకు పనికొచ్చే ముక్క మరొకటుంది. జపాన్‌లో ఈ పత్రికలను చదివేవారి వయసును, లింగాన్ని బట్టి విడదీస్తారు. అబ్బాయిలకు షోనెన్, అమ్మాయిలకు షోజో, ఎదిగిన మగవారికి సెయినెన్, ఎదిగిన ఆడవారికి జోసెయ్. ఇలా గళ్లు గీసి పెట్టిన పరిశ్రమలోనే ఆ గళ్లు దాటే పాత్రలు పుట్టాయి. అమ్మాయిల పత్రికల్లో మరీ ముందుగా పుట్టాయి.

యువరాజు వేషంలో యువరాణి

ఒసాము టెజుకా ‘రిబాన్ నో కిషి’ 1953లో షోజో క్లబ్ అనే పత్రికలో మొదలైంది. ఇంగ్లిష్‌లో ‘ప్రిన్సెస్ నైట్’ అంటారు. పుట్టకముందే ఒక దేవదూత అల్లరి వల్ల సఫైర్ అనే బిడ్డకు నీలం రంగు మగ హృదయం, గులాబీ రంగు ఆడ హృదయం రెండూ దక్కుతాయి. మగబిడ్డకే సింహాసనం అన్న నియమం ఉన్న రాజ్యం అది. కాబట్టి యువరాణిని యువరాజుగా పెంచుతారు. టెజుకా పెరిగిన ఊరు తకరాజుకా. 1914లో ప్రదర్శనలు మొదలుపెట్టిన అక్కడి నాటక బృందంలో మగ పాత్రలు కూడా ఆడవాళ్లే వేస్తారు. సఫైర్ కత్తిసాములో ఆ వేదిక పోకడలు కనబడతాయి.

1972లో రియోకో ఇకెడా ‘వెర్సాయ్ గులాబీ’ రాయడం మొదలుపెట్టింది. ఫ్రెంచి విప్లవ కాలంలో ఒక సేనాని కొడుకు లేడని కూతురిని మగపిల్లాడిలా పెంచుతాడు. ఆమే ఆస్కార్, రాణి అంగరక్షక దళంలో అధికారి. ఈ కథను 1974లో తకరాజుకా బృందమే వేదిక ఎక్కించింది. అంటే వేదిక నుంచి బొమ్మకు, బొమ్మ నుంచి వేదికకు రాకపోకలు సాగాయి. రుమికో తకహాషి ‘రన్మా ½’ 1987 నుంచి 1996 దాకా నడిచింది. శాపం ఉన్న నీటిబుగ్గలో పడ్డ కుర్రాడు చన్నీళ్లు తగిలితే అమ్మాయి అవుతాడు, వేణ్ణీళ్లు పోస్తే మళ్లీ అబ్బాయి. పడీపడీ నవ్వాల్సిన కథ.

ఈ మూడింటినీ ట్రాన్స్‌జెండర్ ప్రాతినిధ్యం అని నేరుగా రాసేస్తే మార్కు పోతుంది. సఫైర్‌కు వారసత్వ చట్టం వేషం తొడిగింది. ఆస్కార్‌కు తండ్రి తొడిగాడు. రన్మాది శాపం. ముగ్గురిలో ఎవరూ ‘నేను ఇది’ అని తమంతట తాము తేల్చుకుని ఆ దారి ఎంచుకోలేదు. అలాగని వీటిని తీసిపారేయడమూ సరికాదు. ఆడామగా తేడా పుట్టుకతోనే రాసిపెట్టి ఉండదేమో అన్న అనుమానం లక్షల మంది పిల్లల్లో మొదట నాటినవి ఇవే. ఇకెడా 1978లోనే ‘క్లోడిన్’ అనే చిన్న కథ గీసింది. ఆడపిల్లగా పుట్టి తనను మగవాడిగానే ఎరిగిన వ్యక్తి కథ అది, విషాదాంతం. ఆ కాలంలో అలాంటి పాత్రను చివరిదాకా బతకనివ్వడం అరుదు.

యూనిఫాం దగ్గర తేలిన లెక్క

తకాకో షిమురా ‘హోరో ముసుకో’ 2002 నుంచి 2013 దాకా 15 సంపుటాలుగా వచ్చింది. ఇంగ్లిష్ పేరు ‘వాండరింగ్ సన్’. శాపాలు, సింహాసనాలు లేవు. బడి, ఇల్లు, అక్కతో తగవు, రైలు ప్రయాణం, అంతే. నితోరి మగపిల్లాడిగా పుట్టి అమ్మాయిగా బతకాలనుకునే పిల్ల. తకత్సుకి ఆడపిల్లగా పుట్టి అబ్బాయిగా ఉండాలనుకునే స్నేహితురాలు. అయిదో తరగతిలో మొదలైన కథ హైస్కూలు దాకా వాళ్లతో పాటే ఎదుగుతుంది. గొంతు మారుతుందన్న భయం, ముఖం మీద మొటిమ, కొత్తగా కొన్న గౌను దాచే చోటు, ఇలాంటి వాటికి పేజీలకు పేజీలు ఇచ్చింది షిమురా.

ఈ కథలో ఒక ఘట్టం దగ్గర ఆగాలి. జపాన్ మిడిల్ స్కూల్లో అబ్బాయిలకు నిలువు కాలరు కోటు, అమ్మాయిలకు గౌనుతో ఉండే యూనిఫాం. ముందు ఒక అమ్మాయి సరదాకు అబ్బాయిల యూనిఫాం వేసుకుని వస్తుంది. ఆమెను చూసి తకత్సుకికి ధైర్యం వస్తుంది, తనూ వేసుకుంటుంది. పెద్ద గొడవేమీ జరగదు. పైగా ‘బాగుందే’ అంటారు. అది చూసి నితోరి ఒక రోజు అమ్మాయిల యూనిఫాంలో బడికి వెళ్తుంది. నవ్వులు, గుసగుసలు. ఉపాధ్యాయులు తరగతిలో కూర్చోనివ్వరు. ఇంటికి కబురు వెళ్తుంది. అదే బడి, అవే గుడ్డలు, అటుదిటు ఇటుదటు మాత్రమే. ‘పై మెట్టు’ దుస్తులు తొడిగిన అమ్మాయిది చలాకీతనం అయింది, ‘కింది మెట్టు’ దుస్తులు తొడిగిన అబ్బాయిది సిగ్గుమాలినతనం అయింది. ట్రాన్స్ మహిళల మీద హింసకూ, ఆడవాళ్ల పట్ల చిన్నచూపుకూ ఉన్న చుట్టరికాన్ని చెప్పడానికి సోషియాలజీ పేపర్లో ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకడం కష్టం.

ఆ బడిలో యూనిఫాం చేసే పనిని మన చేలో ముఠా చేస్తుంది. పత్తి తీత, మిరపకాయ కోత, తొడిమలు తీయడం ఆడకూలీల ముఠాల పని. మిర్చి యార్డులో టిక్కీలు ఎత్తేది, దించేది మగ హమాలీలు. కూలి రేట్లు వేరు, మేస్త్రీ పిలిచే పిలుపు వేరు, ట్రాక్టరు తొట్టిలో కూర్చునే చోటూ వేరు. ఇందులో ఒక ట్రాన్స్ మహిళ ఏ ముఠాలో చేరాలి? ఆడ ముఠా రానివ్వదు, మగ ముఠాలో నిలవలేదు. చదువు మధ్యలో ఆగి, ఇల్లు వదిలి, రైళ్లలోనూ అంగళ్ల ముందూ చేయి చాపే దశకు ఎందుకు చేరతారన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. పని దొరకలేదని రాస్తే సరిపోదు. మన పల్లెల్లో పనే ఆడామగా కింద రెండుగా చీలి ఉందని రాయాలి.

మేలు చేసే చేయి కూడా నొప్పించగలదు

యూకి కమతానీ ‘షిమనామి తసొగరె’ 2015 నుంచి 2018 దాకా నాలుగు సంపుటాలుగా వచ్చింది. హిరోషిమా ప్రాంతంలో ఒనొమిచి అనే సముద్రపు ఊరు దాని నేపథ్యం. అక్కడ ఎవరైనా వచ్చి కూర్చోగలిగే ఒక ఇల్లుంటుంది. ఏమీ అడగరు, ఏమీ చెప్పమనరు. అక్కడికొచ్చే వారిలో ఉత్సుమి అనే ట్రాన్స్ మగవాడు ఉంటాడు. బడిలో తనతో ఆడిన పాత స్నేహితురాలు ఒకామె అతన్ని గుర్తుపట్టి, సాయం చేసి తీరాలన్న ఉత్సాహంతో అతని సంగతి పదిమందిలో మాట్లాడేస్తుంది. ఆమెలో ద్వేషం లేదు. ఆ మంచితనమే అతనికి బరువు. మిసొరా అనే బడిపిల్ల కథ ఇంకా చురుక్కుమంటుంది. తానేమిటో ఇంకా తేల్చుకోని ఆ పిల్లను కథానాయకుడు మంచి మనసుతోనే పండగకు రమ్మని తొందరపెడతాడు. ఆ సాయంత్రం గుంపులో జరిగిన చేదు పని తర్వాత ఇద్దరి మధ్యా మాటలు తెగిపోతాయి.

ఎథిక్స్ పేపరు రాసేవాళ్లకు ఇది కేస్ స్టడీ సరుకు. సానుభూతి, సహానుభూతి అనే రెండు మాటల తేడా మీద నోట్స్ బట్టీ పట్టేవారు ఈ స్నేహితురాలి ఘట్టాన్ని నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. ఒక వ్యక్తి జెండర్ గుర్తింపును అతని అనుమతి లేకుండా బయటపెట్టడం గోప్యతకు భంగమని, 2017 పుట్టస్వామి తీర్పుతో గోప్యత మన దేశంలో ప్రాథమిక హక్కు అయిందని కలిపి రాయొచ్చు.

గీసే చేయి ఎవరిది

చీ అనే కలం పేరుతో ఒక ట్రాన్స్ మహిళ 2016లో తన పెళ్లి కథను చిన్న చిన్న గళ్లలో, నవ్వుతూ నవ్విస్తూ గీసింది. ‘ది బ్రైడ్ వాజ్ ఎ బాయ్’ అన్న పేరుతో అది ఇంగ్లిష్‌లో దొరుకుతుంది. మధ్యమధ్యలో చట్టం, శస్త్రచికిత్స, కాగితాల పని గురించి వివరణ పేజీలు ఉంటాయి. 2020లో ట్రాన్స్ మగవాడైన గాకు కేతో ‘బాయ్స్ రన్ ద రయట్’ మొదలుపెట్టాడు. రియో అనే హైస్కూలు కుర్రాడు తన ఒంటికి నప్పే బట్టల కోసం వెతికి వెతికి చివరికి స్నేహితుడితో కలిసి సొంత బట్టల బ్రాండే పెడతాడు. కమతానీ తనను ఎక్స్-జెండర్ వ్యక్తిగా చెప్పుకున్న రచయిత. ఆడా మగా అన్న రెండింట్లోనూ ఇమడనివారు జపాన్‌లో వాడుకునే మాట అది.

చీ గీసిన వివరణ పేజీల వెనక ఉన్న చట్టాన్ని గుర్తుంచుకోవాలి. జపాన్ 2003లో చేసిన చట్టం 2004 జులైలో అమల్లోకి వచ్చింది. రికార్డుల్లో లింగం మార్చుకోవాలంటే పెళ్లై ఉండకూడదు, మైనరు పిల్లలు ఉండకూడదు, సంతానోత్పత్తి శక్తి ఉండకూడదు వంటి షరతులు పెట్టింది. ఈ చివరి షరతు రాజ్యాంగానికి విరుద్ధమని జపాన్ సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 25న తీర్పిచ్చింది. కథల్లో అంత ముందున్న దేశం కాగితాల్లో ఇంత వెనక ఉండటాన్ని అభ్యర్థి గమనించాలి. భారత్‌తో పోలిక అడిగితే, శస్త్రచికిత్సతో పనిలేకుండా తన జెండర్ తానే చెప్పుకోవచ్చని మన సుప్రీంకోర్టు 2014లోనే అందని రాయొచ్చు.

అదే చీర: తెనాలి వేదిక మీద, హైదరాబాదు వీధిలో

ఇక మన వైపు వద్దాం. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు తెలుగు నాటకరంగంలో స్త్రీ పాత్రలకు మారుపేరు. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ, చింతామణి, రోషనార. తెనాలి నాటక సమాజం ఆయనకు ఇల్లు. ఆయన కట్టిన చీర, తిప్పిన జడ చూసి ఇళ్లలోని ఆడవాళ్లే ఆ కట్టు నేర్చుకున్నారని పెద్దలు చెప్పుకునేవారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. తన అనుభవాలను ‘నటస్థానం’ అనే పుస్తకంగా రాసుకున్నారు. కృష్ణ దాటితే కూచిపూడి. అక్కడ భామాకలాపంలో సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మ మెప్పు పొందారు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. జపాన్ కబుకీలో ఒన్నగాతా అనే సంప్రదాయం సరిగ్గా ఇదే. 1629లో వేదిక నుంచి ఆడవాళ్లను నిషేధించాక ఆ పాత్రలు మగనటులకు దక్కాయి.

స్థానం వారిని ట్రాన్స్‌జెండర్ ఉదాహరణగా రాసే జవాబులు అప్పుడప్పుడు కనిపిస్తాయి. అది తప్పు, ఆయనకు అన్యాయం కూడా. వేదిక దిగితే ఆయన మగవాడే, గృహస్థుడే. ఆయనది నటన.

ఇప్పుడు ఆ కాలాన్నే మరోవైపు నుంచి చూడండి. నిజాం హైదరాబాదులో 1329 ఫసలీలో, అంటే 1919లో, నపుంసకుల చట్టం వచ్చింది. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. బహిరంగ చోట ఆడ దుస్తులు, నగలు వేసుకుని కనబడితే, ఆడితే, పాడితే వారెంటు లేకుండానే పట్టుకోవచ్చు. 1871 బ్రిటిష్ నేరజాతుల చట్టంలోని రెండో భాగం దీనికి మాతృక. స్థానం వారు ఆంధ్ర తీరాన సత్యభామ చీరలో జేజేలు అందుకుంటున్న ఆ 1920ల్లోనే, కొన్ని వందల కిలోమీటర్ల అవతల అదే చీర కట్టి వీధిలోకి వచ్చిన మనిషి నేరస్థురాలు. రెండూ రెండు వేరువేరు పాలనల కింద జరిగాయి, అది మరిచిపోకుండా రాయాలి. అయినా ఈ రెండు దృశ్యాలు పక్కపక్కన పెడితే వేషానికీ బతుకుకూ ఉందని నేను మొదట్లో చెప్పిన తేడా ఇంకెవరూ వివరించనక్కర్లేకుండా తెలిసిపోతుంది. తెలంగాణ నపుంసకుల చట్టం పేరుతో మిగిలిన ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. పోరాడిన పిటిషనర్లలో వైజయంతి వసంత మొగ్లి ఒకరు.

బృహన్నల నుంచి రేవతి దాకా

విరాటపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన తాత మంత్రి భాస్కరుడు గుంటూరు ఏలిన వాడని ప్రసిద్ధి. ఆ విరాటపర్వంలోని బృహన్నల తెలుగువారికి బాగా దగ్గరైంది 1963 ‘నర్తనశాల’తో. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు. గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో చదివి, ఆ జిల్లాలోనే కొద్దిరోజులు సబ్ రిజిస్ట్రారుగా చేసిన ఎన్టీఆర్ బృహన్నల. అంత పెద్ద హీరో ఆ పాత్ర ఒప్పుకోవడం మామూలు సంగతి కాదు. కానీ కథను పట్టి చూస్తే అది ఏడాది గడువున్న శాపం, అజ్ఞాతవాసానికి అక్కరకొచ్చిన మరుగు. గడువు తీరగానే గాండీవం చేతికొస్తుంది. రన్మాకు వేణ్ణీళ్లు ఎలాగో అర్జునుడికి ఆ గడువు అలాగ.

ఆ తర్వాతి దశాబ్దాల్లో తెలుగు సినిమా ఈ మనుషులను ఎక్కువగా నవ్వుల పాటకో, హీరోను ఆటపట్టించే గుంపుకో వాడుకుంది. 2011లో తమిళం నుంచి వచ్చిన ‘కాంచన’లో శరత్‌కుమార్ వేసిన పాత్ర కొంత మలుపు. తాను చదువుకోలేకపోయినా మరో ట్రాన్స్ పిల్లను డాక్టరు చదివించే మనిషి ఆ కాంచన. అయినా ఆమె గోడు జనానికి వినిపించాలంటే ముందు ఆమెను దయ్యం చేయాల్సి వచ్చింది! టీవీ కామెడీ షోలలో లేడీ గెటప్‌లు మరో రకం. అలాంటి గెటప్‌లతో మొదలై, తర్వాత తాను ట్రాన్స్ మహిళనని ప్రకటించి ప్రియాంక సింగ్‌గా 2021లో బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్లిన నటి ప్రయాణంలో వేషం, బతుకు రెండూ ఒకే మనిషిలో కనబడతాయి. అంతకు ముందు 2019లో తమన్నా సింహాద్రి గుంటూరు జిల్లా మంగళగిరి అసెంబ్లీ స్థానం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేసింది. ఎదుట నిలబడ్డవారిలో నారా లోకేశ్ ఒకరు. ఓట్లు రాలకపోయినా బ్యాలెట్ మీద పేరు ఉండటం కూడా ప్రాతినిధ్యమే. తెలుగులో ఈ సమాజం సొంతంగా నడిపిన మాధ్యమం కావాలంటే 2017లో రచన ముద్రబోయిన వాళ్లు యూట్యూబులో మొదలుపెట్టిన ట్రాన్స్‌విజన్ ఉంది.

పుస్తకానికి వస్తే ఒక పేరు తప్పక గుర్తుండాలి. తమిళనాడు నామక్కల్ ప్రాంతానికి చెందిన ఎ.రేవతి తన జీవితాన్ని రాసింది. ఆ పుస్తకం ఇంగ్లిష్‌లో వి.గీత అనువాదంతో 2010లో వచ్చింది. తెలుగులోకి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెచ్చింది పి.సత్యవతి, ప్రచురించింది హైదరాబాద్ బుక్ ట్రస్ట్. సత్యవతి పుట్టింది తెనాలి దాపున కొలకలూరులో. ‘ఇల్లలకగానే’ కథ రాసిన ఆవిడే. ఈ అనువాదానికి 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ప్రిలిమ్స్‌లో జతపరచండి ప్రశ్నకు సరిపోయే ముక్క ఇది. స్థానం వారి తెనాలి, సత్యవతి గారి కొలకలూరు ఒకే మండలం పరిధిలోవి. ఆ కొద్ది కిలోమీటర్లు దాటడానికి తెలుగు సమాజానికి ముప్పాతిక శతాబ్దం పైగా పట్టింది.

చట్టం: గుర్తుంచుకోవాల్సిన గుట్టు

2014 ఏప్రిల్ 15 సుప్రీంకోర్టు నల్సా తీర్పు. న్యాయమూర్తులు కె.ఎస్.రాధాకృష్ణన్, ఎ.కె.సిక్రి. అధికరణలు 14, 15, 16, 19(1)(ఎ), 21. వీటిలో అభ్యర్థులు తరచూ వదిలేసేది 19(1)(ఎ). దుస్తులు, మాట, నడవడి ద్వారా జెండర్‌ను వ్యక్తం చేసుకోవడం కూడా భావప్రకటన స్వేచ్ఛ కిందికే వస్తుందని కోర్టు అంది. 1919 నాటి చీర నేరానికి రాజ్యాంగం ఇచ్చిన జవాబు ఆ ఒక్క వాక్యంలో ఉంది. వీరిని సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతిగా చూడాలని కూడా అదే తీర్పు చెప్పింది.

తర్వాత ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల (హక్కుల పరిరక్షణ) చట్టం 2019. 2020 జనవరి 10 నుంచి అమలు. నాలుగో సెక్షన్ తాను ఎరిగిన జెండర్‌ను గుర్తించింది. కానీ అయిదు, ఆరు సెక్షన్లు దానికి జిల్లా మెజిస్ట్రేట్ సర్టిఫికెట్ కావాలన్నాయి. హక్కు నాది, ముద్ర కలెక్టరుది అన్న ఈ పేచీ మీదే విమర్శలన్నీ. 18వ సెక్షన్ కింద నేరాలకు ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు. మహిళపై అత్యాచారానికి ఉన్న శిక్షతో పోలిస్తే ఇది చాలా తక్కువ. 2011 జనగణనలో ‘ఇతరులు’ దేశంలో 4,87,803, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. ఆంధ్రప్రదేశ్ 2017 డిసెంబరులో ట్రాన్స్‌జెండర్ విధానం తెచ్చింది. పింఛను 1,500 రూపాయలతో మొదలై 2024 జులై నుంచి 4,000 అయింది.

మన ప్రాంతం నుంచే ఒక తాజా ఉదాహరణ ఉంది. ఒంగోలు మహిళా పోలీసు స్టేషన్లో ఒక ట్రాన్స్ మహిళ భర్త మీద, అత్తింటివారి మీద ఐపీసీ 498-ఎ (భార్యపై క్రూరత్వం) కింద ఫిర్యాదు చేసింది. పిల్లల్ని కనలేని మనిషి మహిళ కాదు, కాబట్టి ఆ సెక్షన్ వర్తించదని అవతలివారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. 2025 జూన్‌లో జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదాన్ని తోసిపుచ్చారు. ట్రాన్స్ మహిళ మహిళే, గర్భం దాల్చగలగడం స్త్రీత్వానికి కొలమానం కాదు అన్నారు. అయితే నిర్దిష్టమైన ఆరోపణలు లేవని ఆ కేసును మాత్రం కొట్టేశారు. సూత్రంలో గెలుపు, కేసులో ఓటమి. రెండు సగాలూ రాసినవారికే పూర్తి మార్కులు.

నాన్‌బైనరీ: ఇక్కడ తడబడతారు

ట్రాన్స్‌జెండర్ అంటే తప్పనిసరిగా ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు చేరడమే కాదు. ఏ ఒడ్డునూ తమది అనుకోనివారు నాన్‌బైనరీలు. హరుకో ఇచికావా ‘హౌసెకి నో కుని’లో మనుషుల బదులు రత్నాలు ఉంటాయి, వాటికి లింగమే లేదు. 2012లో మొదలై 2024లో ముగిసిన కథ. ‘అటాక్ ఆన్ టైటన్’లో హాంజీ పాత్ర ఆడా మగా అన్నది హజిమే ఇసయామా పాఠకుల ఊహకే వదిలాడు. ఈ రెండింటిలోనూ ఎవరూ తమ జెండర్ గురించి ఉపన్యాసం ఇవ్వరు, ఎవరూ అడగరు. రత్నాలకూ సైనికులకూ దక్కిన ఈ తీరిక మామూలు బడిపిల్లల కథలకు దక్కడం తక్కువే.

భారత చట్టంలో నాన్‌బైనరీ అన్న మాట లేదు. 2019 చట్టం రెండో సెక్షన్ నిర్వచనంలో ట్రాన్స్ పురుషులు, ట్రాన్స్ మహిళలు, ఇంటర్‌సెక్స్ లక్షణాలున్నవారు, జెండర్‌క్వీర్ వ్యక్తులు, కిన్నర, హిజ్రా, అరవాని, జోగ్తా అని రాశారు. బహుళైచ్ఛిక ప్రశ్నలో ‘నాన్‌బైనరీ’ని ఈ జాబితాలో ఇరికించి మెలిక పెట్టవచ్చు. ఇంటర్‌సెక్స్ శరీర నిర్మాణానికి సంబంధించినది, ట్రాన్స్‌జెండర్ గుర్తింపుకు సంబంధించినది, హిజ్రా గురుశిష్య పరంపర ఉన్న సాంఘిక సముదాయం. ఈ మూడూ ఒకటి కావు. స్వలింగ ఆకర్షణ నాలుగోది. 2018 సెప్టెంబరు 6 నవతేజ్ జోహార్ తీర్పు దానికి సంబంధించినది, దాన్ని నల్సాతో కలిపేయకండి.

జవాబు రాసేటప్పుడు

‘ప్రజాదరణ ఉన్న కళారూపాల్లో ట్రాన్స్‌జెండర్ ప్రాతినిధ్యం వారి హక్కుల సాధనకు తోడ్పడిందా? చర్చించండి’ అని 250 పదాలకు అడిగారనుకోండి. మాంగాకు రెండు వాక్యాలు మించనివ్వకండి, అందులో ఒకటి నితోరి యూనిఫాం అయితే మంచిది. స్థానం వారు, 1919 చట్టం కలిపి ఒక పేరా. రేవతి, సత్యవతి గార్లకు ఒక పేరా. ఒంగోలు కేసును చివరికి ఉంచి, అది సగం గెలుపే అని చెప్పి ఆపేయండి. పురాణ ప్రస్తావన తప్పదనుకుంటే బృహన్నలను వాడండి, అర్ధనారీశ్వరుడిని ఈసారికి వదిలేయండి.

సాధనకు మరికొన్ని. ఒన్నగాతా, కూచిపూడి స్త్రీవేషం, తకరాజుకా: పోలిక, తేడా రాయండి (150 పదాలు). గ్రామీణ వ్యవసాయ కూలీలో పని విభజన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల జీవనోపాధిని ఎలా ప్రభావితం చేస్తుంది, గుంటూరు, ప్రకాశం జిల్లాల నేపథ్యంలో వివరించండి (250 పదాలు). కింది వాటిలో సరికానిది గుర్తించండి: ఎ) నల్సా తీర్పు 2014, బి) 2019 చట్టం ప్రకారం సర్టిఫికెట్ జారీ చేసేది జిల్లా జడ్జి, సి) ‘ఒక హిజ్రా ఆత్మకథ’ అనువాదకురాలు పి.సత్యవతి, డి) తెలంగాణ నపుంసకుల చట్టాన్ని హైకోర్టు కొట్టేసింది 2023లో. జవాబు బి. తొందరలో జడ్జి, మెజిస్ట్రేట్ ఒకటే అనుకునేవారి కోసమే ఇలాంటివి పెడతారు.